తొంభై రెండు పళ్ళ దువ్వెన

మా వీధి చివర నీలం తలుపు ఇంటాయన్ని అందరూ పళ్ళ డాక్టరనే పిలుస్తారు. ఆయన డాక్టరు కాదు, చెక్క దువ్వెనలు కోసే మనిషి. దువ్వెనకి పళ్ళు పెట్టేవాణ్ణి పళ్ళ డాక్టరనక ఇంకేమంటారని ఎవరో ఎప్పుడో చేసిన వేళాకోళం అలాగే అతుక్కుపోయింది. వీధికి కొత్తగా వచ్చిన ఒకతను బుగ్గ వాచి, చెంపకి తువ్వాలు చుట్టుకుని నిజంగానే వాళ్ళ తలుపు తట్టాడట. "కూర్చోండి, రంపం తెస్తాను" అన్నాడట ఈయన. ఆ మనిషి మళ్ళీ ఈ వీధిలో కనిపిస్తే ఒట్టు.

ఆయన భార్య కాబట్టి ఆవిడ డాక్టరమ్మ. నేను రాస్తున్నది ఆవిడ సంగతి. పన్ను విరిగిన దువ్వెన ఒకటి పట్టుకుని బాగుచేస్తారేమోనని వెళితే, "విరిగిన పన్ను అతకదు తమ్ముడూ, అయినా కూర్చో" అంది. నాకు తెలియని పని ఎవరైనా చేస్తుంటే అక్కణ్ణుంచి నా కాళ్ళు కదలవు. ఆవిడకేమో చేతిలో పని ఉంటేనే నోట్లోంచి మాట వస్తుంది. అలా చాలా మధ్యాహ్నాలు గడిచాయి. నేను విన్నది విన్నట్టు రాస్తున్నాను.

పెళ్ళయి ఆ ఇంటికి వచ్చేనాటికి ఆవిడకి పంతొమ్మిదేళ్ళు. రంపం ఎటు పట్టుకోవాలో తెలియదు. మొదటి ఏడాదంతా ఆవిడ చేసిన పని తల ఇవ్వడమే. ఆయన కొత్త దువ్వెన కోసినప్పుడల్లా "ఇలా రా ఓసారి" అని పిలిచి, ఆవిడ జుట్టులో పైనుంచి కిందికి దువ్వేవాడు. ఏ పన్నయినా గీరుకుంటే ఆవిడ "స్" అనాలి. ఆ పన్ను మీద పెన్సిలుతో చుక్క పెట్టుకుని మళ్ళీ ఆకురాయి పట్టేవాడు. "మా ఆయన నన్ను నెత్తిన పెట్టుకున్నాడని అనుకునేవాళ్ళు అందరూ. నా నెత్తి చూసుకున్నాడంతే" అని నవ్వుతుంది.

వాళ్ళింట్లో దువ్వెనలకి పేర్లు లేవు, అంకెలే. ఇరవై నాలుగంటే చిక్కు తీసే వెడల్పు పళ్ళది. నలభై అంటే రోజూ వాడుకునేది. తొంభై రెండంటే నాలుగంగుళాల చెక్కలో తొంభై రెండు పళ్ళు. పేను కాదు కదా, దాని పిల్ల కూడా తప్పించుకోలేదు. అది కోయడానికి జంట రంపం కావాలి. పక్కపక్కనే రెండు బ్లేడులుంటాయి. ఒకటి ఈ పన్ను కోస్తుంటే రెండోది తర్వాతి పన్ను ఎక్కడ పడాలో గీత గీసి పెడుతుంది. ఒక్కచోట చెయ్యి వెంట్రుకవాసి పక్కకి పోయిందా, ఆ వంకర పన్ను పన్నుకీ పెరుగుతూ చివరిదాకా నడుస్తుంది. ఆవిడ ముప్పై ఏళ్ళలో నలభై పళ్ళదాకా నేర్చుకుంది. ఆపైన పదిహేడు రకాలున్నాయి. అవి ఆయన చేతికే వచ్చు.

రకానికొక దువ్వెన అమ్మకుండా దాచడం వాళ్ళ అలవాటు. దాన్ని నమూనా అంటారు. ఏళ్ళ తరబడి ఒకటే పని చేస్తుంటే చెయ్యి తనకి తెలియకుండానే దారి మారుతుందట, అందుకని కొత్తది కోసినప్పుడల్లా నమూనా పక్కన పెట్టి చూసుకోవాలి. నమూనా కన్నా కొత్తది బాగా కుదిరితే కొత్తది బీరువాలోకి వెళుతుంది, పాతది అమ్మకానికి వస్తుంది. అంటే బీరువా పై అరలో గుడ్డలో చుట్టి ఉన్నది ఎప్పుడూ అప్పటిదాకా ఆయన కోసినవాటిలోకెల్లా మేలైనది.

ఏడాదిన్నర కిందట ఆయన కుడిచేతి బొటనవేలు దానంతట అది కదలడం మొదలుపెట్టింది. తర్వాత మణికట్టు. అసలు డాక్టరు చూసి, ఇది వణుకు జబ్బు, మందులతో కొంత తగ్గుతుంది అన్నాడు. "కొంత" అన్న మాట డాక్టరమ్మకి వినబడింది. ఆయనకి "తగ్గుతుంది" ఒక్కటే వినబడింది. ఆ రోజునుంచీ పొద్దున్నే కాఫీ అయ్యాక, "ఏదీ, తొంభై రెండు ఇలా తే" అనేవాడు. ఆవిడ బీరువా తీసి నమూనా తెచ్చిచ్చేది. ఎడమచేతి బొటనవేలితో ఆ పళ్ళ మీద ఓసారి ఈ చివరనుంచి ఆ చివరకి రాసి, చప్పుడు విని, "చెయ్యి కుదరనీ, దీని పక్కన పెట్టే కోస్తాను" అని తిరిగిచ్చేసేవాడు. రంపం ముట్టేవాడు కాదు. ముడితే ఏం తేలుతుందో అని భయమేమో. ఆ దువ్వెన బీరువాలో ఉన్నంత కాలం ఆయన పని ఆగిపోలేదు, కొన్నాళ్ళు పక్కన పెట్టాడంతే.

ఇక అమ్మకం సంగతి. ప్లాస్టిక్ దువ్వెనలు వచ్చి షాపులవాళ్ళు వీళ్ళని గుమ్మంలోంచే పంపించేస్తున్న రోజుల్లో, ఆవిడే ఫోనులో కుస్తీ పట్టి ఒక పెద్ద ఆన్‌లైన్ మార్కెట్‌లో ఖాతా తెరిచింది. దాన్ని ఇంట్లో పెద్ద బజారు అంటారు. తర్వాత కూతురు చిట్టి, రక్తపరీక్షల ల్యాబులో పనిచేస్తుంది, సొంతంగా ఒక వెబ్‌సైటు పెట్టించింది. అది మన కొట్టు. పదింట తొమ్మిది పార్సిళ్ళు పెద్ద బజారు నుంచే. మన కొట్టుకి పాత ఖాతాదార్లు, వాళ్ళ చుట్టాలు వస్తారు.

ఆయన చెయ్యి ఆగాక మన కొట్టులో ఒక చిక్కొచ్చింది. స్టాకు సున్నా అయితే ఆ దువ్వెన పేజీయే మాయమైపోతుంది. పనిలేక రోజూ ఫోనులో తన దువ్వెనలు చూసుకుంటూ కూర్చునే మనిషి ఒకరోజు పైకీ కిందికీ జరిపి జరిపి, "నా తొంభై రెండేదే? అప్పుడే నన్ను తీసేశారా?" అన్నాడు. ఆ మధ్యాహ్నమే ఆవిడ కూర్చుని, ఆయన మాత్రమే కోయగల పదిహేడు రకాలకీ స్టాకు ఒకటని వేసింది. అబద్ధం కూడా కాదు, నమూనా ఉందిగా. ఎవరైనా కొనేస్తారేమోనని ఒక్కోదాని ధర తొంభై తొమ్మిది వేలు పెట్టింది. తాళం వేసినట్టు. పేజీలన్నీ తిరిగొచ్చాయి. ఆయన ఆ ధర చూసి చాలా రోజులకి పగలబడి నవ్వాడు. "ఇన్నాళ్ళకి నా రేటు తెలిసిందే నీకు!"

ఈ తాళం సంగతి చిట్టికి చెప్పలేదు. దాచాలని కాదు, చెప్పే సందర్భం రాలేదు.

తర్వాత కొన్ని నెలలకి ఒకే నెలలో రెండుసార్లు ఒకే దువ్వెన రెండుచోట్లా అమ్ముడుపోయింది. ఇక్కడ కొన్నవాళ్ళకి పంపేసరికి అక్కడ ఆర్డరు వచ్చి కూర్చుంది. రెండుసార్లూ పెద్ద బజారు ఆర్డరే రద్దు చేయాల్సి వచ్చింది. రెండోసారి వాళ్ళ దగ్గర్నుంచి కబురొచ్చింది. ముప్పై రోజుల్లో మూడోది రద్దు చేస్తే ఖాతా మూసేస్తాం అని. చిట్టి సెలవు చూసుకుని ఆదివారం వచ్చింది, రెండు ఖాతాలూ కలిపేద్దామని.

"రెండు కొట్ల మధ్యా గోడ ఉందమ్మా ఇప్పుడు. దానికి తలుపు పెడుతున్నాం. ఇక్కడ ఒకటి తగ్గితే అక్కడా తగ్గుతుంది. ఇక నువ్వు రెండు చోట్లా మార్చక్కర్లేదు."

"తలుపు పెడితే దొంగలు రారా?"

"వస్తే నీ చిక్కు దువ్వెన ఇచ్చి పంపు. ఆ పచ్చ బొత్తాం నొక్కు."

"నువ్వే నొక్కు, నాకెందుకు."

"ఖాతా నీ పేరు మీద ఉంది తల్లీ, నీ వేలే కావాలి."

నొక్కింది. పెద్ద బజారు పాస్‌వర్డ్ అడిగితే ఇచ్చింది. ఫోనుకొచ్చిన ఆరంకెలు చదివింది. దువ్వెనల అంకెలే కోడ్లు కాబట్టి అక్కడి ఇరవై నాలుగుకీ ఇక్కడి ఇరవై నాలుగుకీ, అక్కడి తొంభై రెండుకీ ఇక్కడి తొంభై రెండుకీ జతలు కుదిరిపోయాయి. "అబ్బ, ఒక్కటీ తేడా రాలేదు!" అని చిట్టి చప్పట్లు కొట్టింది. స్టాకు ఎవరిది నిజమని పట్టుకోమంటారు అని అడిగింది తెర. మన కొట్టుదే, ఇంట్లో లెక్క అదే కదా. ధరలు కూడా కలపమంటారా అని అడిగింది. "ధర టిక్కు పెట్టకమ్మా. అక్కడ వాళ్ళ కమిషన్ కలిపి వేశాం, ఇక్కడ వేరు" అంది చిట్టి. అదీ సబబే. ఆ అమ్మాయి చేసినదాంట్లో వేలెత్తి చూపించడానికి ఏమీ లేదు.

ఆ తలుపులోంచి స్టాకు దాటింది. ధర దాటలేదు. పెద్ద బజారులో ఏడాదికి పైగా సున్నా చూపిస్తున్న పదిహేడు రకాలూ ఒక్కసారిగా ఒకటి అయ్యాయి, ధర మాత్రం ఎప్పటిదో పాతదే. అక్కడ గంట బొమ్మ ఒకటుంటుంది. సరుకు లేనప్పుడు దాన్ని నొక్కి ఉంచుకుంటే, వచ్చిన వెంటనే కబురు పంపిస్తారు. తొంభై రెండు కోసం గంట నొక్కినవాళ్ళు పదకొండుమంది.

చిట్టి చెప్పులేసుకుంటుంటే ఫోను టింగుమంది.

"చూశావా, తలుపు పెట్టి పది నిమిషాలు కాలేదు, బేరం!" అని చిట్టి ఫోను తీసి తల్లికిచ్చింది. డాక్టరమ్మ కళ్ళద్దాలు సర్దుకుని చూసింది. తొంభై రెండు, ఒకటి. ఫోను చిట్టి వైపు తిప్పింది. తొంభై తొమ్మిది వేల తాళం సంగతి అప్పుడు చెప్పింది. చిట్టికి అర్థం కావడానికి కాస్త టైము పట్టింది, అర్థమయ్యాక గుమ్మంలోనే చతికిలబడిపోయింది. ముందు మిగతా పదహారింటికీ గబగబా సున్నా పెట్టారు. అవి దక్కాయి.

"క్యాన్సిల్ చేసేద్దామమ్మా."

"మూడోదవుతుందే."

అవునన్నట్టు చిట్టి తల వంచుకుంది. ఖాతా పోతే పదింట తొమ్మిది పార్సిళ్ళు పోతాయి. ఆయన మందులు, ఇల్లు, అన్నీ దాని మీదే. కొన్నవాళ్ళే వద్దనుకుంటే మనకి మచ్చ రాదని గుర్తొచ్చి, చిట్టి కొన్నావిడకి బతిమాలుతూ రాసింది. పొరపాటున పెట్టాం, మా నాన్నగారు కోసిన చివరిది, దయచేసి మీరే రద్దు చేయగలరా అని. సాయంత్రం జవాబొచ్చింది. "ఏడాది నుంచి గంట నొక్కి కూర్చున్నానండీ. వచ్చిందంటే నమ్మలేకపోయాను. చివరిదైతే ఇంకా జాగ్రత్తగా చూసుకుంటాను. ఏమీ అనుకోకండి, రద్దు చేయలేను." దాన్ని చదివి కోపం తెచ్చుకుందామన్నా రాలేదట డాక్టరమ్మకి.

మర్నాడు సాయంత్రం నాలుగింటికి పార్సిల్ అతను వస్తాడు. ఆయనకి చెప్పకుండా ఉంచే వీలు లేదు, పొద్దున్న కాఫీ అవగానే అడుగుతాడు. అడిగాడు కూడా. ఆవిడ నమూనా తెచ్చి చేతిలో పెట్టి, పక్కనే కూర్చుని మొత్తం చెప్పింది. ఆయన వింటూ పళ్ళ మీద వేలు రాస్తూనే ఉన్నాడు.

"ఓస్, ఇంతేనా! సాయంత్రం నాలుగంటే బోలెడు టైముంది. ఇంకోటి కోసి అది పంపిద్దాం" అన్నాడు.

"ఏమండీ..."

"చెక్క తీయి. ఆ పాత మోపులోది."

ఆవిడ తీసింది. కిటికీ కింద బల్లకి పలక బిగించింది. ఆయన కుర్చీ లాక్కుని కూర్చుని, జంట రంపం దుమ్ము తుడిచి, నమూనా ఎదురుగా నిలబెట్టుకున్నాడు. మొదటి మూడు పళ్ళు నిజంగా బాగా పడ్డాయట. ఆవిడకి ఆశ పుట్టేంత బాగా. నాలుగోదాని దగ్గర మణికట్టు అదిరింది. ఆవిడ చెయ్యి వేసి పట్టుకోబోయింది.

"వదులు. నువ్వు పట్టుకుంటే బరువు తేడా వస్తుంది."

వదిలింది. రెండో పలకలో ఏడు పళ్ళు. మూడోదాంట్లో పదకొండు, పన్నెండోది పుటుక్కున విరిగి ఎగిరి ఆవిడ ఒళ్ళో పడింది. ఆ విరిగిన ముక్కని తీసి చూడమన్నాడు.

"చెక్క బాలేదు కదూ?"

"బాలేదండీ."

"పొరలో ఏదో దోషముంది."

"ఉందండీ. చూస్తూనే తెలుస్తోంది."

ఆ చెక్క ఆరేళ్ళు నీడలో ఆరబెట్టింది. ఆయనే ఏరి తెచ్చి, ఆయనే చెవి దగ్గర పెట్టుకుని తట్టి చూసి మోపు కట్టాడు. ఈ మాట నాతో చెప్పేటప్పుడు ఆవిడ చేతిలోని సాండ్‌పేపర్ ఆగిపోయింది. ఆవిడ పని ఆపడం నేను చూసింది అప్పుడొక్కసారే.

తర్వాత ఆవిడ కూడా ప్రయత్నించిందట, ఆయన భోంచేసి నడుం వాల్చినప్పుడు. యాభై మూడు పళ్ళదాకా వెళ్ళింది. యాభై మూడోది చూస్తే, మొదటిదానికీ దానికీ గింజంత వాలు. ఎవరికీ తెలియదు, మిగతావీ కోసి పంపేయొచ్చు. పంపేద్దామనే అనుకుందట కూడా. "ఆ గంట నొక్కినావిడకి తేడా తెలియకపోవచ్చు తమ్ముడూ. కానీ ఆయన పేరు మీద వెళుతుంది కదా ఆ పెట్టె" అంది.

మూడున్నరకి ఆయన లేచి వచ్చాడు. బల్ల మీద ఆవిడ కోసిన యాభై మూడు పళ్ళూ చూశాడు. నమూనా తీసుకుని తనే పెట్టెలో పెట్టబోతే మూత కుదరలేదు, ఆవిడ అందుకుంది.

"ఎవరికి?"

"ఎవరో ఆడమనిషి. దూరం ఊరు."

"జుట్టు పొడుగేనా?"

"నాకేం తెలుసండీ?"

"పొడుగైతే బాగుండు" అన్నాడు. ఆవిడ టేపు అంటిస్తుంటే, "పొట్టి జుట్టుకి తొంభై రెండు దండగ" అన్నాడు.

పార్సిల్ అతను వచ్చాడు. బట్టతల మనిషి, ఎప్పుడూ ఒకే జోకు. "డాక్టరు గారూ, నాకు మాత్రం మీ సరుకు అక్కర్లేదండోయ్!" అన్నాడు ఆరోజు కూడా. ఈయనా ఎప్పుడూ ఇచ్చే జవాబే ఇచ్చాడు, "నీకు గుడ్డ ముక్క చాలు, తుడుచుకో" అని. పెట్టె మీద చీటీని మిషనుతో చదివించి, సంచిలో వేసుకుని బండెక్కి వెళ్ళిపోయాడు.

మర్నాడు కాఫీ అయ్యాక ఆయన ఏమీ అడగలేదు. ఆ మర్నాడూ అడగలేదు. మూడోరోజు తనే లేచి బీరువా తెరిచి, పై అరలోంచి గుడ్డ మూటలన్నీ ఒక్కొక్కటీ మంచం మీదికి దించాడు. పదహారు.

"వీటికి కూడా ఒకటి పెట్టెయ్. పెద్ద బజారులో. పాత ధరే ఉంచు."

"ఎందుకండీ? నమూనాలు కదా!"

"నమూనా దేనికే? పక్కన పెట్టుకుని కోయడానికి."

ఆవిడ ఏడ్చింది. చిట్టి ఫోనులో అరిచింది, వచ్చి బతిమాలింది, నా వల్లే కదా నాన్నా అని కాళ్ళ దగ్గర కూర్చుంది. "నీ వల్లేంటమ్మా, నువ్వు తలుపు పెట్టావు. మంచి పనే. గాలి ఆడొద్దూ?" అని దాని తల నిమిరాడట, ఆ వణికే చేత్తోనే. చేసేది లేక పెట్టారు. ఒక్కొక్క ఆర్డరు వచ్చినప్పుడల్లా ఆయనే మూట విప్పి, పళ్ళ మీద వేలు ఒక్కసారి రాసి, ఆవిడకి ఇచ్చేవాడు. మూడు వారాల్లో పదిహేను వెళ్ళిపోయాయి. కొన్నవాళ్ళు బాగుందని రాస్తే చిట్టి చదివి వినిపించబోయింది, "తర్వాత" అన్నాడు. ఆ తర్వాత ఇంకా రాలేదు.

ఒకటి మాత్రం మిగిలింది. మీసాల దువ్వెన. వేలెడంత ఉంటుంది, నెలవంకలా వంగి ఉంటుంది, దాని పళ్ళు అన్నిటికన్నా సన్నం. ఈ రోజుల్లో మీసాలకి దువ్వెన ఎవరు కొంటారు? దానికోసం ఎవరూ గంట నొక్కలేదు.

మొన్న నేను వెళ్ళినప్పుడు డాక్టరమ్మ నలభై కోస్తోంది. లోపలి గదిలోంచి ఆయన గొంతు వినబడింది. ఇప్పుడు గొంతు కూడా సన్నబడింది.

"అది పోయిందా?"

"పోలేదండీ."

రోజుకొకసారి అడుగుతాడట, అదే మాట. పోలేదంటే మంచిదనుకుంటున్నాడో, ఇంకా పోలేదేమని విసుక్కుంటున్నాడో ఆవిడకి తెలియడం లేదు. ఆ జబ్బులో ముఖం కూడా నెమ్మదిగా బిగుసుకుపోతుందని డాక్టరు ముందే చెప్పాడు. "ముప్పై ఏళ్ళు నా తల దువ్వినవాడు, నేను 'స్' అనకముందే ఎక్కడ గుచ్చుకుందో కనిపెట్టేవాడు. ఇప్పుడు ఆయనకి ఎక్కడ గుచ్చుకుంటోందో నాకు కనబడటం లేదు తమ్ముడూ" అంది ఆవిడ, రంపం మీంచి తలెత్తకుండానే.